ఇంకొక్క బూస్ట్ వేసి కొడదాం

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక షోడౌన్‌లో, అంటే ఆన్‌లైన్‌లో పోకెమాన్ పోటీలాడే సైట్‌లో, మూడో జనరేషన్ ఓయూ (మూడో తరం ఆటల నియమాలతో నడిచే పోటీ విభాగం) ఆడుతున్నాను. నా నీటి పోకెమాన్ సుయికూన్ అప్పటికే మూడు కామ్ మైండ్‌లు (ఒక్కోసారికీ స్పెషల్ దాడి, స్పెషల్ డిఫెన్స్ ఒక్కో మెట్టు పెంచే బూస్ట్) వేసుకుని కూర్చుంది. ఎదురుగా కరెంటు పోకెమాన్ జాప్‌డాస్, హెచ్‌పీ (ప్రాణం) 60 శాతం. బల్క్‌లో (దెబ్బ తట్టుకునే బలంలో) ఈవీలు, అంటే మనం పంచిపెట్టే శిక్షణ పాయింట్లు, పెట్టని జాప్‌డాస్‌ని +3 దగ్గర (మూడు మెట్లు పెరిగాక) నీటి దాడి సర్ఫ్‌తో కొడితే, ఎంత చెడ్డ రోల్ (దెబ్బలో అదృష్టాన్ని బట్టి వచ్చే హెచ్చుతగ్గు) పడినా దాదాపు 80 శాతం పోతుంది. అంటే ఆ టర్న్‌లో కొడితే పని అయిపోయినట్టే. ఆ లెక్క నాకు తెలియనిది కాదు. అయినా, వెనకాల ఇంకో రెండున్నాయి, వాటికి కూడా సరిపడా పెంచుకుని ఒకేసారి ఊడ్చేద్దాం అనుకుని నాలుగో కామ్ మైండ్ నొక్కాను.

జాప్‌డాస్ థండర్‌బోల్ట్ పడింది. నా ప్రాణం మూడో వంతుకు లోపే పోయింది. హాయిగా ఉంది. తర్వాతి టర్న్‌లో సర్ఫ్ నొక్కాను. జాప్‌డాస్ నాకంటే వేగం కాబట్టి దాని థండర్‌బోల్టే ముందు పడింది, ఈసారి క్రిట్, అంటే ఎప్పుడో ఒకసారి అనుకోకుండా పడే పెద్ద దెబ్బ. క్రిట్‌కి నా నాలుగు కామ్ మైండ్‌ల డిఫెన్స్ లెక్కలోకి రాదు. పైగా మూడో జనరేషన్‌లో దెబ్బ రెండింతలు. సుయికూన్ నిండు ప్రాణంతో ఉన్నా మిగిలేది కాదు.

సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. వాడు పదో తరగతి. టీమ్ నిండా వేగంగా కొట్టి వేగంగా చచ్చేవాటినే పెట్టుకుంటాడు. "కొట్టమన్నా కదా మావయ్యా" అన్నాడు. అక్కడితో ఆగుంటే బాగుండేది. "నువ్వు భయపడి ఆడతావు" అని కూడా అన్నాడు.

"నీకేం తెలుసురా, ఇదో పద్ధతి" అని ఏదో చెప్పి లాప్‌టాప్ మూసేశాను. కానీ ఆ మాట వారం రోజులు వదల్లేదు. పదేళ్ళుగా నేను బల్కీ సెటప్ స్వీపర్లే (దెబ్బలు తట్టుకుంటూ బూస్ట్‌లు పెంచుకుని, తర్వాత అందర్నీ ఊడ్చేసే పోకెమాన్‌లే) వాడుతున్నాను. అవి ఓపిక ఉన్నవాళ్ళ ఆయుధాలని నాకో గర్వం. వాడన్నాక పాత రీప్లేలు తీసి చూశాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: బల్కీ స్వీపర్ పిరికి పోకెమాన్ కాదు, కానీ దాన్ని భద్రత కోసం ఎంచుకున్నవాడు దానితో గెలవలేడు. ఎందుకంటే అందులో భద్రత లేదు. ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

రిస్క్ ఎక్కడికీ పోదు

అలకజామ్ లాంటి గాజు బొమ్మను బయటికి తెచ్చినప్పుడు రిస్క్ కళ్ళకి కనిపిస్తుంది. తప్పుగా ఊహిస్తే ఒక్క దెబ్బ, అయిపోయింది. సుయికూన్‌ని తెచ్చినప్పుడు అలా ఉండదు. ప్రతి దెబ్బకీ పావు వంతు పోతుంది, లెఫ్ట్‌ఓవర్స్ (ప్రతి టర్న్‌కీ కాస్త ప్రాణం తిరిగిచ్చే వస్తువు) కొంచెం తెచ్చిపెడుతుంది, ఎప్పుడూ గట్టునే ఉన్నట్టుంటుంది. కానీ ఆ రిస్క్ మాయం కాలేదు. చిల్లర నోట్లుగా మారింది, అంతే.

మూడో జనరేషన్‌లో మామూలు దాడికి క్రిట్ పడే అవకాశం 16లో 1. ఒక్క దెబ్బకి చూస్తే ఏమీ కాదు. ఐదు దెబ్బలు తింటే కనీసం ఒక్క క్రిట్ పడే అవకాశం 28 శాతం దగ్గర ఉంటుంది. పది దెబ్బలు తింటే 48 శాతం. బొమ్మా బొరుసు ఎగరేసినట్టే. ఏడో జనరేషన్ నుంచి క్రిట్‌ని 24లో 1కి తగ్గించారు, అంతకుముందే ఆరో జనరేషన్‌లో దెబ్బని రెండింతల నుంచి ఒకటిన్నరకి దించారు. అయినా పది దెబ్బలకి 35 శాతం ఉంది. సెటప్ చేసుకునే పోకెమాన్ పది దెబ్బలు తినడం పెద్ద విషయమేం కాదు. రెస్ట్ వేసి ప్రాణం నింపుకుని నిద్రపోయే రకమైతే పది దెబ్బలతో ఆట సగంలో కూడా ఉండదు.

నేను చాలా ఏళ్ళు "క్రిట్ వల్ల ఓడిపోయాను" అని చెప్పుకున్నాను. రీప్లేలు చూశాక ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు. ఇరవై సార్లు తలుపు తీసి పెట్టి, ఇరవై ఒకటోసారి దొంగ వచ్చాడంటే దురదృష్టం అంటామా?

ప్రతి బూస్ట్ ఒకటి కాదు

ఇది అందరికీ తెలిసిన పట్టికే. తెలిసినా మనసుకు పట్టదు. మొదటి బూస్ట్‌తో దాడి 1 నుంచి 1.5 అవుతుంది, అంటే 50 శాతం లాభం. రెండోది 1.5ని 2 చేస్తుంది, ఉన్నదాని మీద 33 శాతం. మూడోది 25, నాలుగోది 20, ఐదోది 17 దగ్గర, ఆరోది 14. పెరిగే అంకె అంతే ఉన్నా, ఉన్నదాని మీద లాభం తగ్గుతూ పోతుంది.

రక్షణ వైపు చూస్తే ఇంకా దారుణం. 100 దెబ్బ పడే చోట మొదటి కామ్ మైండ్ తర్వాత 67 పడుతుంది. రెండో దానితో 50. మూడో దానితో 40, నాలుగో దానితో 33, ఐదో దానితో 29, ఆరో దానితో 25. మొదటిది 33 పాయింట్లు ఆదా చేస్తే ఆరోది నాలుగు కూడా చేయదు. ఖర్చు మాత్రం ప్రతిసారీ ఒకటే: ఒక టర్న్, ఒక దెబ్బ, ఒకసారి 16లో 1. పైగా ఆ టర్న్‌లో అవతలివాడికి టాక్సిక్ (విషం) వేయడానికో, ఎన్‌కోర్‌తో మనల్ని కామ్ మైండ్‌కే కట్టేయడానికో, మనం చూడని ఆరో పోకెమాన్‌ని దింపడానికో అవకాశం దొరుకుతుంది.

కాబట్టి మొదటి రెండు బూస్ట్‌లు పెట్టుబడి. ఆ తర్వాతవి చాలావరకు మన మనశ్శాంతి కోసం వేసుకునేవి. నా రీప్లేల్లో +4 దాటాక ఓడిపోయిన ఆటలు చూస్తే, సగానికి పైగా వాటిలో +2 దగ్గరే కొట్టడం మొదలుపెట్టి ఉండొచ్చు. "ఉండొచ్చు" అంటున్నాను, అప్పుడు గెలిచేవాడినని కాదు.

సంక్రాంతికి అమ్మ అరిసెలకి పాకం పడుతుంటే చిన్నప్పుడు పక్కన పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేది. ఉండ కట్టగానే దించేసేది. "ఇంకాసేపు ఉంచితే ఇంకా బాగా వస్తుందేమో కదమ్మా" అంటే, "కట్టింది కదరా, ఇంకా దేని కోసం చూడటం" అనేది. ఒక ఏడాది గుమ్మం దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళి రెండు నిమిషాలు ఆగి వచ్చింది. ఆ ఏడాది అరిసెలు మా తాతయ్య ముట్టుకోలేదు, పళ్ళు ఊడతాయని. కామ్ మైండ్ నొక్కబోయే ప్రతిసారీ నాకు ఆ పళ్ళెం గుర్తొస్తోంది ఈమధ్య.

వెనక్కి రాలేని చోటు

అంకెల కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. స్విచ్ అయితే బూస్ట్‌లన్నీ పోతాయి. +1 దగ్గర ఉన్నప్పుడు ఎదుటివాడు సుయికూన్‌కి పడని రాయికూనో వీనసారో దింపాడనుకోండి, పెద్దగా ఆలోచించకుండా వెనక్కి వచ్చేస్తాం. ఒక్క టర్నే కదా పోయింది. అదే +5 దగ్గర ఉంటే వెనక్కి రావడానికి చెయ్యి రాదు. వెనక్కి రావడమే సరైన ఆట అని తెలిసినా రాదు. "ఇంత కూడబెట్టింది వదిలేసుకుంటామా" అనిపిస్తుంది. ఫ్లాటుకి అడ్వాన్స్ ఇచ్చేసి, తర్వాత కాగితాల్లో తేడా ఉందని తెలిసినా మిగతా డబ్బు కట్టేవాళ్ళని చూశాం కదా. అచ్చం అదే.

ఒక ఆట ఇప్పటికీ బాధపెడుతుంది. సుయికూన్ బూస్ట్‌లు వేసుకుంటోంది. ఎదుటివాడి టీమ్‌లో స్కార్మొరీ బతికే ఉంది, వర్ల్‌విండ్ (ఎదుటి పోకెమాన్‌ని ఊది వెనక్కి పంపేది) ఉంటుందని ఎవరైనా చెప్తారు. వర్ల్‌విండ్ ఆఖర్లో పనిచేస్తుంది కాబట్టి మనం ఒక దెబ్బ కొట్టి పోవచ్చు. అయినా నేను స్కార్మొరీని ముందు వేరే పోకెమాన్‌తో తీయించకుండా, "+6 అయితే ఒకే దెబ్బకి పోతుందిలే" అని ఐదు టర్న్‌లు అక్కడే కూర్చున్నాను. +6 నొక్కిన టర్న్‌లోనే స్కార్మొరీ వచ్చింది. తర్వాతి టర్న్‌లో ప్రాణం తక్కువైందని రెస్ట్ నొక్కాను, అది ఊదింది. ఐదారు టర్న్‌ల శ్రమ ఒక్క ఊపుతో పోయింది. అసలు తప్పు బూస్ట్‌లు లెక్కపెట్టడంలో లేదు. స్కార్మొరీ బతికుండగా సుయికూన్‌ని సెటప్‌కి దింపడంలోనే ఉంది.

బల్కీ స్వీపర్ పని సెటప్ చేయడం కాదనిపిస్తుంది నాకిప్పుడు. మిగతా ఐదుగురు వర్ల్‌విండ్‌లు, హేజ్‌లు (బూస్ట్‌లన్నీ తుడిచేసేవి), టాక్సిక్‌లు ఖర్చు పెట్టించాక, ఖాళీ అయిన ఇంట్లోకి వచ్చి తాళం వేయడం దాని పని. చాలామంది, నాతో సహా, దాన్ని టర్న్ 3లో దింపుతారు. దిట్టంగా ఉంది కదా, ఏమవుతుందిలే అని.

స్నోర్లాక్స్ కాలం వేరు

ఈ అలవాటు మాకు ఎక్కడ అంటుకుందో ఊహించగలను. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో స్నోర్లాక్స్ మీద కర్స్ వేసి ఆడటం రాజమార్గం. దాని స్టాట్లు చూడండి: హెచ్‌పీ 160, దాడి 110, స్పెషల్ డిఫెన్స్ 110, డిఫెన్స్ మాత్రం 65, వేగం 30. కర్స్ వేస్తే దాడి, డిఫెన్స్ పెరిగి వేగం తగ్గుతుంది. పోయేది 30 వేగం, అది ఉన్నా లేకున్నా ఒకటే. పూడేది 65 డిఫెన్స్, అదే దాని బొక్క. దానికోసమే కుట్టిన చొక్కాలా సరిపోయింది. పైగా ఆ రోజుల్లో ఒక పోకెమాన్‌కి అన్ని స్టాట్లనీ పూర్తిగా పెంచుకోవచ్చు. మొత్తం 510 ఈవీలు, ఒక్కోదానికి ఇంతే అనే హద్దులు తర్వాత వచ్చాయి. అందరూ బల్కీయే కాబట్టి ఎవరూ తొందరపడరు. లెఫ్ట్‌ఓవర్స్ కొత్తగా వచ్చింది, రెస్ట్ ఉంది, నిద్రలోనే ఏదో ఒకటి వేయించే స్లీప్ టాక్ ఉంది. నూరు టర్న్‌లు సాగే ఆటలు మామూలే.

మూడో జనరేషన్ నుంచి ఈవీల హద్దుల వల్ల ఎక్కడ దిట్టంగా ఉండాలో ఎంచుకోవాల్సి వచ్చింది. సుయికూన్ అందులో తెలివైన సమాధానం. స్పెషల్ వైపు కామ్ మైండ్ చూసుకుంటుంది కాబట్టి ఈవీలు మామూలు డిఫెన్స్‌లో పోస్తాం. ఏ వైపు బూస్ట్ వస్తుందో ఆ వైపు ఈవీలు దండగ. (ఇది రాయాల్సిన విషయమా అనిపిస్తుంది గానీ, మొన్న కూడా స్పెషల్ డిఫెన్స్‌లో 252 పోసిన కామ్ మైండ్ సుయికూన్ ఎదురైంది. మామూలు దెబ్బలు కొట్టే హెరాక్రాస్ చేతిలో పోయింది పాపం.)

ఇక స్లీప్ టాక్ గురించి ఒక్క మాట. సుయికూన్‌కి కామ్ మైండ్, సర్ఫ్, రెస్ట్, స్లీప్ టాక్ పెట్టినప్పుడు, నిద్రలో ఉండగా ఏది పడుతుందో మన చేతిలో లేదు. ఒక్కోసారి రెస్టే పడి టర్న్ వృథా అవుతుంది. బుర్ర పెట్టి ఆడేవాళ్ళ ఆట అని నేను గొప్పలు పోయిన ఆటలో సగం టర్న్‌లు పోకెమాన్ నిద్రలో కలవరిస్తే ఆడినవి. మా వాడికి ఈ సంగతి ఇంకా తట్టలేదు, నేనూ చెప్పలేదు.

నా లెక్క తప్పే చోట్లు

ఇక్కడిదాకా రాసి, "+2 దగ్గర కొట్టండి" అని ముగిస్తే బాగానే ఉండేది. కానీ అది కూడా అబద్ధమే.

మొదటిది, స్టోర్డ్ పవర్. బూస్ట్‌లు లేకపోతే దాని పవర్ 20, ప్రతి బూస్ట్‌కీ ఇంకో 20. ఐదో జనరేషన్‌లో సిజిలిఫ్‌తో కాస్మిక్ పవర్ ఆడినవాళ్ళకి తెలుసు: ఒక్కో కాస్మిక్ పవర్‌కి రెండు డిఫెన్స్‌లూ ఒక్కో మెట్టు ఎక్కుతాయి, అంటే పవర్ 40 పెరుగుతుంది. రెండు వేసి కొడితే 100. ఆరు వేస్తే 260. దాడి పెరగని పోకెమాన్ కాబట్టి 100 దగ్గర కొట్టడం దోమని కొట్టినట్టే. అక్కడ ఆశపోతుదే గెలుపు. అలాగే ఐరన్ డిఫెన్స్, బాడీ ప్రెస్ జోడీ: ఒక్క డిఫెన్స్ స్టాటే కవచం, కత్తి రెండూ. ఒక్కో ఐరన్ డిఫెన్స్ రెండు మెట్లు కాబట్టి మూడు టర్న్‌లకే చివరికి చేరుతుంది. అక్కడ నా పట్టిక మూడు గీతల్లో అయిపోతుంది.

రెండోది, కామ్ మైండ్‌కి ఎదురుగా కామ్ మైండ్. రెండు సుయికూన్‌లు ఎదురుపడితే ముందు కొట్టినవాడు ఒక మెట్టు వెనకబడతాడు. అప్పుడు ఇద్దరూ +6 దాకా పోక తప్పదు, ఆఖరికి తేల్చేది ఎవరికి ముందు క్రిట్ పడిందో. అలాంటి ఆటలు గెలిచినా నాకు సంతోషం ఉండదు.

మూడోది, ఈ లెక్కలన్నీ పనికిరాని శత్రువులు. ఎదుటివాడి బూస్ట్‌లని లెక్కచేయని అన్‌అవేర్ ఉన్న క్వాగ్‌సైర్ ముందు +6 అయినా సున్నా అయినా ఒకటే. గార్గనాకిల్ సాల్ట్ క్యూర్ వేస్తే ప్రతి టర్న్‌కీ ఎనిమిదో వంతు, నీటి రకానికైతే నాలుగో వంతు పోతుంది. నా డిఫెన్స్ ఎంతుందో దానికి అక్కర్లేదు. 2022లో స్కార్లెట్, వయొలెట్ వచ్చాక ఇవన్నీ ఎక్కువయ్యాయి. ప్రాణం నింపే రికవర్, రూస్ట్, రెస్ట్ లాంటివాటి పీపీని (ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్కని) కూడా 10 నుంచి 5కి కోశారు. పెంచుకున్నా ఎనిమిదే వస్తాయి. ఆటని చేసినవాళ్ళకి కూడా మా వాడి అభిప్రాయమే ఉందేమో మరి. అదే తరంలో స్కెలెడర్జ్‌కి టార్చ్ సాంగ్ ఇచ్చారు. కొడుతూనే స్పెషల్ దాడి ఒక మెట్టు పెంచుకుంటుంది. బూస్టా, దెబ్బా అని తేల్చుకోవాల్సిన పనే లేదు. నాకు అది దొంగదారి అనిపిస్తుంది. కానీ నెలకి ఇరవై ఆటల్లో వాడుతున్నాను.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది నాలుగోది. తొందరగా కొట్టి ఓడిన ఆటలు కూడా ఉన్నాయి. దెబ్బలో 85 నుంచి 100 శాతం మధ్య రోల్ ఉంటుంది కదా. +1 దగ్గర "సరిపోతుంది" అనుకుని కొట్టి, అవతలిది రెండు శాతంతో నిలబడి, తిరిగి కొట్టి చంపిన ఆటలు. వాటిని నేను ముందు లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే నా వాదనకి అవి అడ్డం. తీసుకున్నాక సంఖ్య గురించి పట్టుబట్టడం మానేశాను. ఇప్పుడు బూస్ట్ నొక్కే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది వేస్తే ఎదుటిదాన్ని చంపడానికి పట్టే దెబ్బల సంఖ్య తగ్గుతుందా? మూడు దెబ్బలు రెండయితే, రెండు ఒకటయితే వేస్తాను. 60 శాతం ఉన్న జాప్‌డాస్‌కి +3లో ఒక దెబ్బ, +4లో కూడా ఒక దెబ్బే. కాబట్టి ఆ రాత్రి నేను నొక్కింది భయాన్నే. మా వాడు చెప్పింది నిజం. వాడు చెప్పిన కారణం మాత్రం కాదు. వాడికైతే అసలు సెటప్ చేయడమే భయం.

పోయిన ఆదివారం వాడు మళ్ళీ వచ్చాడు. కావాలనే పిలిచి కూర్చోబెట్టుకున్నాను, మారానని చూపించడానికి. సుయికూన్ +2లో ఉంది. ఎదురుగా స్వాంపర్ట్, 57 శాతం. +2 సర్ఫ్‌కి దానికి సగం నుంచి 60 దాకా పోతుంది. మంచి రోల్ పడితే చస్తుంది. మూడో కామ్ మైండ్ వేస్తే ఖాయంగా చస్తుంది, కానీ ఇంకో టర్న్ కావాలి. దాని దగ్గర రోర్ (వర్ల్‌విండ్ లాంటిదే) ఉంటుందని నా అనుమానం. ఆలోచించి సర్ఫ్ కొట్టాను.

మూడు శాతంతో నిలబడింది. రోర్ వేసింది. నా టీమ్‌లోంచి లాక్కొచ్చింది ఎవర్నంటే మాగ్నెటాన్‌ని. నేల రకం స్వాంపర్ట్ ముందు కరెంటు పోకెమాన్! భూకంపం ఒక్కటి చాలు.

మా వాడు స్క్రీన్ వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇంకొక్కటి వేసి కొట్టుంటే చచ్చేది కదా మావయ్యా" అన్నాడు.

వేసినా ఆ టర్న్‌లోనే రోర్ పడేదిరా అని చెప్పాను. వాడు నమ్మలేదు. రీప్లే పెట్టమన్నాడు.